నడుముకు తగిలే కేక

పదహారు మంది పదహారు గునపాలు పట్టా కిందికి పోటు పెట్టి ఒక్కసారిగా తోస్తే, రైలు పట్టా గోరు మందం జరుగుతుంది. అదే పదహారు మంది ఎవరికి తోచినప్పుడు వారు తోస్తే నడుములు పట్టేస్తాయి, పట్టా మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఖరగ్‌పూర్ యార్డులో పనిచేసే ఆ గ్యాంగులో ఈ సంగతి తెలియనివారు లేరు. బలం అందరి దగ్గరా ఉంది. ఆ బలాన్ని ఒక్క క్షణంలోకి తెచ్చేది కేక.

కేక పెట్టేది తవిటయ్య. గ్యాంగుకు మేటు, అంటే పెద్ద, ఆయనే. ముప్పై నాలుగేళ్ల క్రితం శ్రీకాకుళం పక్కనుంచి వచ్చి పట్టాల మీద చేరిన మనిషి. ఆయన ఒక మాట అంటాడు, గ్యాంగు "హైసా" అంటుంది. ఆ "హైసా" దగ్గర పదహారు నడుములు ఒక్కటవుతాయి. తెలుగువాళ్లు, బెంగాలీలు, ఒడియావాళ్లు, బీహారు నుంచి వచ్చిన కొత్త కుర్రాళ్లు, అందరికీ ఆ ఒక్క ముక్క అర్థమవుతుంది. ఈ సెప్టెంబరు ఆఖరుకు తవిటయ్య రిటైరవుతున్నాడు.

ఆయన తరవాత ఎవరు అన్నదానికి జవాబు లేదు. గ్యాంగులో హుషారైన కుర్రాడు ప్రేమ్‌కుమార్ ఒకనాడు ప్రయత్నించాడు. "వన్, టూ, త్రీ" అన్నాడు. సగం మంది "త్రీ" అనగానే తోశారు, సగం మంది "త్రీ" అయ్యాక తోశారు. పట్టా ఎవరి మాటా వినలేదు.

సోమవారం పొద్దున జేఈ రాజశేఖర్ వచ్చి తవిటయ్యను పక్కకు పిలిచాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి రెండేళ్లయిన ఇంజనీరు, పెద్దల దగ్గర మాట తూచి మాట్లాడే మనిషి.

"తవిటయ్య గారూ, మీరు వెళ్లాక ఈ గ్యాంగు చేత్తో లైను సరిచేయగలదా అని పైవాళ్లు అడుగుతున్నారు. చేయగలదంటే యార్డులోనే ఉంచుతారు. లేదంటే విడగొట్టి నలుగురిని ఒకవైపు, నలుగురిని ఇంకోవైపు పంపేస్తారు. గురువారం గిరి మైదాన్ వంపు దగ్గర నలభై నిమిషాలు రైళ్లు ఆపి బ్లాకు ఇస్తున్నారు. వానలకు ఆ వంపులో లైను రెండు వేళ్లు బయటికి జరిగింది. లైను సరిచేసే మెషీన్ ఇప్పట్లో రాదు. అది సరిచేసి, మీ తరవాత కేక ఎవరిదో నాకొక పేరు చెప్పండి. నేను రాసి పంపుతాను."

తవిటయ్య తల ఊపి, అక్కడినుంచే గ్యాంగు వైపు తిరిగాడు.

"ఒలే మీనా, ఇలగ రాయే."

కంకర తట్ట దించి మీనాకుమారి వచ్చింది. ముప్పై ఆరేళ్ల మనిషి. తండ్రి ఇదే గ్యాంగులో పనిచేస్తూ పోతే ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. పన్నెండేళ్లుగా గునపం పట్టింది, జెండా పట్టింది, కంకర మోసింది. మాట మాత్రం తక్కువ.

"నా తరవాత కేక నువ్వు పెట్టాల."

ఆమె నవ్వబోయి ఆగింది. "నానా? నాది గేదె గొంతు మావా. నవ్విపోతారు."

"గేదె గొంతో, ఏనుగు గొంతో! ఆ దినం గోల్‌బజార్ల ఇలిస సేప కుళ్లిపోనాదని సేపలోడిని తిట్టినావు సూడు. నాను ఆ ఈది కొసన వంకాయలేరుకుంతన్నాను. కోతకత్తులన్నీ ఆగిపోనాయి."

"కత్తులేటి మావా," అన్నాడు ప్రేమ్‌కుమార్ దూరం నుంచే, "సచ్చిన సేపలు లేసి కూకున్నాయంట!"

అందరూ నవ్వారు. మీనాకుమారి కూడా నవ్వింది, కానీ ఆమె చెయ్యి తెలియకుండానే గొంతు మీదికి వెళ్లింది.

ఆ గొంతుతో ఆమెకు చిన్నప్పటినుంచీ పేచీ ఉంది. ఆరో తరగతిలో ప్రార్థన పాట నేర్పిన టీచరు ఆమెను వెనక వరసకు పంపి, "నువ్వు పెదాలు కదుపు తల్లీ, చాలు" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపంతో అన్న మాటను మనిషి ఎదిరించగలడు. దయతో అన్న మాటను ఎదిరించడానికి పట్టు దొరకదు. అది నేరుగా లోపలికి దిగిపోతుంది. నాటినుంచి గుడిలో, పెళ్లిలో, బారసాలలో, నలుగురూ పాడేచోట మీనాకుమారి పెదాలే కదిపింది.

అదే ఇంట్లో మీనాకుమారి పుట్టిన అయిదేళ్లకు ప్రశాంతి పుట్టింది. చెల్లెలి గొంతు తేనె. సుభాష్‌పల్లిలో ఎవరింట భజన జరిగినా ప్రశాంతి లేనిదే మొదలవదు. బెంగాలీ ఇళ్లవాళ్లు సైతం దుర్గాపూజ పందిట్లో పాడమని కబురు పంపుతారు. చెల్లెలి పాట విన్నప్పుడు మీనాకుమారికి నిజంగానే సంతోషం కలిగేది. పూరీ గేట్‌లోని తన క్వార్టరుకు నడిచి వచ్చేసరికి ఆ సంతోషం బరువుగా మారేది. ఎందుకు మారుతుందో ఆమె తనను తాను చాలాసార్లు అడిగింది. అసూయ అని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. వేరే పేరు దొరకలేదు.

అయినా ఆ సోమవారం సాయంత్రం ఆమె చెల్లెలి ఇంటికే వెళ్లింది. మేటు అడిగాడు, గ్యాంగు చీలిపోయేలా ఉంది, కేక పెట్టాలి. కేక కూడా గొంతు పనే. గొంతు పని అంటే ఆమెకు తెలిసిన కొలత ప్రశాంతి ఒక్కతే.

ప్రశాంతి ఫోన్‌లో శ్రుతి పెట్టి, అక్కను చాప మీద కూర్చోబెట్టింది.

"కిందనుంచి లాగకే అక్కా. పైకి తియ్యి. నుదుటి దగ్గర మోగాల."

"మోగట్లేదే. గీసుకుంతంది."

"సన్నంగ చెయ్యి. ఇంకా సన్నంగ. అదీ! సూసినావా, వచ్చింది."

వచ్చింది కాదు, అరువు తెచ్చుకున్నది. మీనాకుమారికి ఆ తేడా అప్పుడు తెలియలేదు. తన నోటినుంచి చెల్లెలి గొంతు నీడలాంటిది వినిపించేసరికి ఆమె కళ్లు మెరిశాయి.

"నాకైతే మైకు లేకపోతే మూడో వరసకి ఇనపడదే అక్కా," అంది ప్రశాంతి, టీ గ్లాసులు కడుగుతూ. "నీకు ఆ బాధ లేదు."

ఆ మాట మీనాకుమారి విని కూడా వినలేదు. పోల్చుకునే మనసుకు చెవి ఒకవైపే ఉంటుంది. తనకు లేనిది చెప్పే మాటలే అందులోకి దూరుతాయి.

మంగళవారం మధ్యాహ్నం షెడ్డు వెనక, బళ్లు తిరగని ఒక పాత లైను మీద తవిటయ్య పరీక్ష పెట్టాడు. పదిహేను మంది గునపాలు దించి నిలబడ్డారు. మీనాకుమారి వాళ్ల మధ్య నిలబడి, కళ్లు మూసుకుని, నుదుటి దగ్గర మోగేలా అందుకుంది.

"కదలవే... పట్టాలమ్మా... ఆ... ఆ..."

రాగం తీగలా సాగింది. ఎక్కడ తెగుతుందో తెలియక గునపాలు ఎదురుచూశాయి. ఒకరిద్దరు తోశారు, మరొకరు ఆగారు. ప్రేమ్‌కుమార్ గునపం మీద గడ్డం ఆనించాడు.

"అక్కా, ఇది తోపా, మంగళారతా? పళ్లెం తెమ్మంటావేటి?"

నవ్వు వరస పొడవునా పాకింది. బెంగాలీ కుర్రాళ్లు కూడా పక్కవాళ్లను అడిగి, అర్థం తెలుసుకుని, ఆలస్యంగా నవ్వారు. వరసలో మీనాకుమారి పక్కన ఎప్పుడూ గునపం వేసే దోర్కా మాత్రం నవ్వలేదు. "మూసుకోరా ప్రేమా," అంది. "నీ వన్ టూ త్రీ కన్నా నయమే."

"మళ్లీ," అన్నాడు తవిటయ్య.

మీనాకుమారి మళ్లీ అందుకుంది. ఈసారి ఇంకా పైకి వెళ్లింది. పైన గొంతు చీలింది. ఆ చీలికనే గుర్తనుకుని సగం మంది తోశారు. ఎత్తిన పట్టా వెనక్కి తన్నింది. ప్రేమ్‌కుమార్ గునపం జారి అతని కాలి ఎముకకే తగిలింది. అతను కంకర మీద కూలబడి మోకాలి కింద రెండు చేతులతో పట్టుకున్నాడు.

నవ్వు ఆగిపోయింది. ఆమెకు ఆ నవ్వు కన్నా అది ఆగిపోవడమే ఘోరంగా అనిపించింది.

దెబ్బ పెద్దది కాదు. నీళ్లు పోసి గుడ్డ కట్టారు. "ఏటీ కాలేదు అక్కా, పెళ్లిసూపులకి కుంటుతాను, అంతే," అన్నాడు ప్రేమ్‌కుమార్. అతను అంత మంచిగా అనడం ఆమెకు మరింత బరువైంది.

సాయంత్రం పనిముట్లు లోపల పెట్టాక, టీ కొట్టు ముందు బెంచీ మీద తవిటయ్య పక్కన ఆమె నిలబడింది, కూర్చోలేదు.

"మావా, ప్రేమ్‌కుమార్ పేరే సెప్పీ. నా వల్ల అవదు."

ఆయన టీ సగం తాగాడు. మధ్యలో దగ్గు వచ్చింది. ఆ మధ్యాహ్నం జల్లులో తడిసి పట్టిన దగ్గు.

"ఎవరి గొంతుతో పాడినావే ఇయ్యాల?"

"... ప్రశాంతి లాగ పాడదారనీ..."

"ప్రశాంతే కావాలంటే ప్రశాంతినే పిలుస్తును కదా. దారి తెలీదా నాకు?"

మీనాకుమారి నేల చూసింది.

"పాట సెవికి పోతాది. ఇన్నోడు ఆగిపోతాడు. ఆగి ఇంటాడు. అది దాని గొప్ప. కేక నడుముకి పోవాల. ఇన్నోడు ఆగకూడదు, తొయ్యాల. నీ సెల్లిది సెవికి పోయే గొంతు. నీది నడుముకి పోయేది. రెండూ దేవుడిచ్చినవే. ఆయన పంచినప్పుడు నిద్దరోయినాడనుకున్నావేటి?"

"అందరికీ నచ్చేది దానికిచ్చినాడు కదా మావా."

"గేజి కర్ర దేనికే?" అన్నాడు ఆయన ఉన్నట్టుండి.

"ఏటి?"

"పన్నెండేళ్లు పట్టినావు. దేనికీ గేజి కర్ర?"

"రెండు పట్టాల మద్ది ఎడం సూడ్డానికి."

"ఏ రెండు పట్టాలు?"

"ఒక లైనువి."

"మన లైను పట్టా మీద ఓ కొస, పక్క లైను పట్టా మీద ఓ కొస ఏసి, కుదర్లేదురో దేవుడా అని ఏడిసినోడిని ఈ యార్డుల ఎప్పుడైనా సూసినావా?"

టీ కొట్టువాడు ఆమెకు గ్లాసు అందించాడు. తీసుకుంది.

"నీ లైనుకి నువ్వు సరిగ్గుండావా, లేదా. కొలత అదొక్కటే. గురువారం నానే కేక పెడతాను. తరవాత సంగతి తరవాత." ఆయన లేచి, దగ్గుకుంటూ, సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ మాటలు ఆమెకు అర్థమయ్యాయి. బుధవారం అంతా కంకర ఎత్తుతూ వాటినే తిప్పి తిప్పి చూసింది. తప్పు దొరకలేదు. అయినా మనసు కదల్లేదు. ఒక మాట నిజమని తెలుసుకోవడం వేరు, ఆ మాట తనకు వర్తిస్తుందని నమ్మడం వేరు. మొదటిది తెలివి చేసే పని. రెండోది చేయడానికి ఒంటికి ఏదో ఒకటి జరగాలి.

గురువారం పది గంటల ఇరవై నిమిషాలకు రాజశేఖర్ ఫోన్ చెవినుంచి తీసి, "బ్లాకు ఇచ్చారు. పదకొండుకి బండి వదులుతారు. ఒక్క నిమిషం కూడా పొడిగించరు" అన్నాడు.

వాన వెలిసి ఎండ కాస్తోంది. వంపు మీద పట్టాలు తడిగా మెరుస్తున్నాయి. ఎర్ర జెండాలు రెండు వైపులా పాతారు. స్లీపర్ల చివర్ల కంకర తవ్వి పక్కకు లాగేసరికి పదకొండు నిమిషాలు పోయాయి. రాజశేఖర్ వంపు మొదట్లోకి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, పట్టా తలకు కన్ను ఆనించి చూశాడు. లైను ఎక్కడ ఎంత బయటికి పోయిందో అలా చూస్తేనే తెలుస్తుంది. చెయ్యి లోపలికి ఊపాడు.

తవిటయ్య వరస మధ్య నిలబడ్డాడు.

"పట్టండి బాబూ పట్టండి!"

"హైసా!"

పట్టా గోరు మందం జరిగింది. మళ్లీ గునపాలు దిగాయి, మళ్లీ కేక లేచింది. మూడు, నాలుగు, అయిదు. ఆయన గొంతు ప్రతి తోపుకూ అరిగిపోతున్నట్టు వినిపిస్తోంది. రాజశేఖర్ ఇంకా చెయ్యి లోపలికే ఊపుతున్నాడు. సగం కూడా కాలేదు. పద్దెనిమిది నిమిషాలున్నాయి.

ఏడో తోపులో తవిటయ్య మాట ఎత్తాడు. గునపాల మీదికి బరువు వచ్చింది. పట్టా స్లీపర్లతో సహా కంకర మీదనుంచి లేచింది. "హైసా" రావలసిన చోట దగ్గు వచ్చింది. ఆయన నడుం పట్టుకుని వంగిపోయాడు.

అంతమంది చేతుల్లోనూ ఒక్క క్షణం సందేహం పుట్టింది. కొందరు పట్టు సడలించారు. పట్టా వెనక్కి తన్నబోయింది. మీనాకుమారి పక్కన గునపం కొస దోర్కా గడ్డం వైపు లేస్తోంది.

"ఒగ్గకండి! పట్టు!"

ఆ కేక ఎక్కడినుంచి వచ్చిందో మీనాకుమారికి తెలియదు. నుదుటి దగ్గరనుంచి కాదు. పాదాల కింద కంకర లోంచి వచ్చినట్టు వచ్చింది. వంపు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ప్రతి గునపమూ ఉన్నచోట బిగిసిపోయింది. లేస్తున్న దోర్కా గునపం ఆగింది. తెలుగు రాని కుర్రాళ్ల చేతులు కూడా ఆగాయి. ఎవరూ అర్థం అడగలేదు.

అంతటా నిశ్శబ్దం. అంతమంది చేతుల మీద ఒక పట్టా నిలిచి ఉంది.

ఆ నిశ్శబ్దం ఎంతసేపని చెప్పడం కష్టం. బహుశా రెండు ఊపిరులు. ఆ కాస్తలో మీనాకుమారి తన గొంతును మొట్టమొదటిసారి బయటినుంచి చూసింది. ప్రశాంతి కూడా గుర్తుకు వచ్చింది, ఎప్పటిలాగే. కానీ ఈసారి పక్కన నిలబెట్టి కొలవడానికి చోటు లేకపోయింది. ఆ తేనె గొంతుకు ఈ బరువు దగ్గర పని లేదు. అది దాని లోపం కాదు. ఈ గొంతుకు ఆ భజన దగ్గర పని లేకపోవడం దీని లోపం కానట్టే. ఇంత చిన్న విషయం తెలియడానికి ఇన్నేళ్లు పట్టినందుకు ఆమెకు ఆశ్చర్యమే గాని విచారం కలగలేదు.

"ఏటే సూస్తావు!" అంది దోర్కా పళ్ల బిగువున. "సెప్పు! సేతులు పోతన్నాయి!"

తవిటయ్య దగ్గు మధ్యనుంచి తల ఎత్తి ఆమె వైపు చూశాడు. చెయ్యి ఊపలేదు. పిలవలేదు. చూశాడంతే.

ఇందాకటి కేక దానంతట అది వచ్చింది. ఇప్పుడు పెట్టవలసింది తాను పెట్టాలి. మీనాకుమారి పాదాలు ఎడం చేసి, గడ్డం దించి, ఊపిరి కడుపులోకి తీసుకుంది.

"ఒంగండి బాబూ ఒంగండి!"

"హైసా!"

పట్టా జరిగింది. గోరు మందం కాదు, వేలి మందంలో సగం. పాదాల కింద నేల కదిలినట్టయి గ్యాంగు ఒకరి మొహం ఒకరు చూసుకుంది.

"నేల తల్లిని తన్నండి!"

"హైసా!"

ఆమె తన గునపం వదిలి వరస మధ్యకు నడిచింది. ఆమె చోటులోకి ఎవరో వచ్చి గునపం అందుకున్నారు. ఎవరో చూసే తీరిక ఆమెకు లేదు. మాటలు వాటంతట అవే వస్తున్నాయి. పెద్ద మాటలు కావు. చేతికి దొరికినవే.

"జేఈ బాబు వాచీలో!"

"హైసా!"

"ముల్లు మనకే ఆగాల!"

"హైసా!"

దూరాన రాజశేఖర్ వాచీ చూసుకోబోయి మానేశాడు.

"దోర్కా తిట్టు తగిల్తేను!"

"హైసా!"

"కొండే పక్కకి జరగాల!"

"హైసా!"

"ప్రేంబాబు నడుంలోన!"

"హైసా!"

"పెళ్లి బెంగ వున్నాది!"

"హై..." సగంలో నవ్వు వచ్చింది ప్రేమ్‌కుమార్‌కు. వరసంతా పగలబడి నవ్వింది. నవ్వుతూనే తోసింది. పట్టా ఆ నవ్వుతోపాటు జరిగింది. మీనాకుమారి కూడా నవ్వుతోంది. ఆమె నవ్వు కూడా లోతైనదే. అది కూడా వంపు చివరిదాకా వినిపించింది.

రాజశేఖర్ ఊపే చెయ్యి చిన్నదవుతూ వచ్చింది. ముందు బారెడు ఊపు, తరవాత మూరెడు, తరవాత వేళ్లు మాత్రమే. ఆమె ఆ వేళ్లను చూస్తూ కేకను తగ్గించింది. తగ్గిన కేకకు తోపు కూడా తగ్గింది. గోరు మందం. గోరులో సగం. ఆఖరు తోపు ఆమె దాదాపు మామూలు మాటలా అంది.

"సాలు, ఇలగ కూకో తల్లీ."

"హైసా."

రాజశేఖర్ పట్టా మీదినుంచి కన్ను తీయకుండా రెండు చేతులూ పైకెత్తాడు.

అప్పుడు చూసింది మీనాకుమారి, తాను వదిలిన గునపం ఎవరి చేతిలో ఉందో. తవిటయ్య. ఇన్నేళ్లు కేక పెట్టిన మనిషి దోర్కా పక్కన వరసలో నిలబడి, చొక్కా తడిసి, ఆమె కేకకు తోశాడు.

"మావా! దగ్గుకుంటూ నీకెందుకూ గునపం?"

"ఏటి సెయ్యమంటావు?" అన్నాడు ఆయన. "నడుముకి తగిలింది. ఆగనేకపోనాను."

కంకర తిరిగి సర్దేసరికి బ్లాకులో ఇంకా నాలుగు నిమిషాలు మిగిలాయి. ఎర్ర జెండాలు తీసేశారు. మేదినీపూర్ వైపు వెళ్లే లోకల్ మెల్లగా వంపులోకి వచ్చింది. గ్యాంగు అంతా పక్కకు తప్పుకుని చక్రాల వైపే చూసింది. ఒక్కో పెట్టె కుదుపు లేకుండా, ఒరగకుండా, గీత గీసినట్టు దాటిపోయింది. కిటికీలోని మనుషులకు ఏమీ తెలియలేదు. తెలియకపోవడమే ఆ పనికి వచ్చే మెప్పు.

ఆఖరి పెట్టె దాటగానే రాజశేఖర్ జేబులో ఫోన్ మోగింది. యార్డుకు అవతలివైపు, అర కిలోమీటరు దూరంలో పనిచేస్తున్న ఇంకో గ్యాంగు మేటు జెఫ్రీ. రాజశేఖర్ రెండు మాటలు విని, నవ్వు ఆపుకుంటూ, అందరికీ వినిపించేలా ఫోన్ ముందుకు పట్టాడు.

"అదే సార్ అడుగుతున్నాను," అంటోంది ఫోన్‌లో గొంతు, "మీ కాడ కేక పెడతన్నదెవరు? ఇక్కడ మావోళ్లు నా మాట ఇనట్లేదు. అటు కేకకే గునపాలు లాగీస్తన్నారు. ఒక తోపు ఎక్కువైపోనాది, మళ్లీ ఎనక్కి తొయ్యాల మేం!"

గ్యాంగు ఘొల్లుమంది. ప్రేమ్‌కుమార్ కుంటికాలు మరచి గెంతాడు. దోర్కా మీనాకుమారి వీపు మీద ఒక్క చరుపు చరిచింది.

రాజశేఖర్ జేబులోంచి పెన్ను తీశాడు. "రాయాల్సిన పేరు ఇంకా మీరు చెప్పలేదు, తవిటయ్య గారూ."

"నాను సెప్పకూడదు సార్. ఆయమ్మనే అడగండి."

రాజశేఖర్ ఆమె వైపు తిరిగాడు. ఫోన్ ఇంకా అతని చేతిలోనే ఉంది, జెఫ్రీ ఇంకా అటువైపే ఉన్నాడు. "చెప్పండమ్మా. ఆయన కూడా వింటున్నాడు. ఎవరిదీ కేక?"

మీనాకుమారి ఫోన్ వైపు వంగబోయి ఆగింది. దానితో పనేముంది? ఆమె పట్టా దాటి, యార్డు అవతలి వైపుకు తిరిగి నిలబడింది. పట్టాల మీద పట్టాలు, వాటి అవతల సిగ్నలు స్తంభాలు, వాటికీ అవతల చీమల్లా కొందరు మనుషులు, ఎండలో మెరుస్తున్న గునపాలు. ఆమె ఊపిరి కడుపులోకి తీసుకుంది.

"మీనాకుమారిది!"

పేరు పట్టాల మీదుగా వెళ్లింది. తరవాత అర కిలోమీటరు అవతలినుంచి, గాలి మోసుకువచ్చినంత సన్నగా, కానీ ఒక్కటిగా, ఆమె మొహం తెలియని పదిహేను గొంతులు బదులు పలికాయి.

"హైసా!"